చొప్పనుండి ఇంధనము: ఒక లెక్కలవాని విన్నపము

(కుందుర్పి గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ గ్రంథాలయము తెరచిననాడు ఇచ్చట రెండు చెక్క బీరువాలును, ఒక పొడవు బల్లయు మాత్రమే యుండెను. ఆ బల్లకు ఒక కాలు పొట్టి. దాని క్రింద నేను మడచి పెట్టిన అట్టముక్క ఇరువదియైదేండ్లుగా అట్లే యున్నది. నేను కళాశాల మెట్లెక్కినవాడను గాను. మా తండ్రిగారు కరణీకము చేసిరి. 1984లో ఆ వ్యవస్థ రద్దయినప్పుడు మాకు మిగిలినవి దస్తరము కట్టు గుడ్డయు, లెక్క వ్రాయు అలవాటును. పగలు ఊరి లెక్కలు వ్రాయుచు, రాత్రులందు ఆ బల్లయొద్ద కూర్చుండి అమరమును, భారతమును, సంస్కృత గ్రంథముల తెలుగు టీకలను చదువుకొంటిని. అట్టివాడు రసాయనశాస్త్ర విషయమున నోరు విప్పుట సాహసమే. అయినను ఆ విషయము మన చేలలోనికి తానే నడచి వచ్చినది గాన మాటలాడక తప్పలేదు.

గత కార్తికమున ఒక వ్యాపారి పక్షమున ఇద్దరు మనుష్యులు మన ఊరికి వచ్చిరి. వేరుసెనగ కట్టె, జొన్న చొప్ప, సజ్జ చొప్ప, కందికట్టె, మరలలోని పొట్టు, ఇవన్నియు టన్ను లెక్కన కొందుమనిరి. ఈ ప్రాంతముననే కర్మాగారము కట్టి, ఈస్టు సాయమున వానినుండి మోటారు ఇంధనము తీయుదుమనిరి. ఒప్పందము ఐదేండ్లకు. "మీరు పారవేయుదానికి మేము డబ్బిచ్చుచున్నాము" అని వారి మాట. మన యువకులు ఆ కాగితములు నాయొద్దకు తెచ్చి "మామా, లెక్క చూసి చెప్పు" అనిరి. ఆ లెక్క చూచుటకు నాకు మూడు నెలలు పట్టినది. అదియే ఈ ప్రసంగము.

ముందుగా ఈస్టు అనగానేమి? ఆ పేరు పరదేశపుదే కాని వస్తువు మనకు క్రొత్తది కాదు. ఈతచెట్టునుండి తెల్లవారుజామున దించిన నీరా మధ్యాహ్నమునకు నురుగెత్తి కల్లగుటకు దానిలో ఎవరును ఏమియు కలుపనక్కరలేదు. గాలిలోను, చెట్టు మట్టలమీదను, పాతకుండ గోడలందును ఉండు సూక్ష్మజీవులే ఆ పని చేయును. వానిలో ముఖ్యమైనది ఈస్టు. మన పూర్వులు పులియబెట్టు ద్రవ్యమును కిణ్వమనిరి. అమరకోశమున దానికి నగ్నహువని పర్యాయపదము కలదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున సురాధ్యక్షుని ప్రకరణమందు కిణ్వమును మినుములతోను బియ్యముతోను చేయు విధమును, ఏ పానమునకు ఎంత పాలు కలుపవలెనో ఆ లెక్కయు చెప్పబడినది. రాజునకు పన్ను రావలసిన వస్తువు గనుక అంత శ్రద్ధ. నేడు పాఠశాల పుస్తకములలో కనబడు కిణ్వనమను మాట ఆ పాత మాటకు మనుమరాలే.

ఇచ్చట ఒక ముచ్చట చెప్పక పోజాలను. విజయనగర కాలపు మాధవాచార్యుని సర్వదర్శనసంగ్రహమున మొట్టమొదటిది చార్వాక దర్శనము. జడమైన భూతముల కలయికనుండి చైతన్యమెట్లు పుట్టునని అడిగిన, కిణ్వమునుండి మత్తు పుట్టినట్లు పుట్టునని చార్వాకులు బదులు చెప్పిరట. అనగా కిణ్వము జడమని వారి తలంపు. సిపాయిల తిరుగుబాటు జరిగిన 1857లో ఫ్రాన్సుదేశమున పాశ్చరు పండితుడు దీనిని తలక్రిందులు చేసెను. పులియుటకు కారణము జీవియే. ఈస్టు బ్రదుకుటయే పులియుట అని ఆయన వాదము. మరి నలువదియేండ్లకు, 1897లో, జర్మనీయుడగు బుఖ్నరు ఈస్టును ఇసుకతో నూరి, పిండి, జీవకణములు లేని రసము తీసెను. అది చెడిపోకుండ ఉండుటకని చక్కెర కలిపెను. ఆ రసము బుడగలెత్తి పులిసెను! జీవి లేదు, జీవి పనిముట్లు మాత్రమున్నవి. ఆ పనిముట్లకే ఎంజైములని పేరు. ఈ పనికి ఆయనకు 1907లో నోబెలు బహుమానము వచ్చినది. చార్వాకులు గెలిచిరా, ఓడిరా? నాకు తేలలేదు. పండితులెవరైన తేల్చిన వినుటకు కుతూహలపడుచున్నాను.

ఇక లెక్కకు వత్తము. 180 గ్రాముల గ్లూకోజు చక్కెరను ఈస్టు గాలి తగులకుండ తినినచో 92 గ్రాముల ఆల్కహాలును, 88 గ్రాముల బొగ్గుపులుసు వాయువును విడుచును. 92, 88 కలిపిన 180. జమయు ఖర్చును సరిపోయినవి. ఇంతకంటె విచిత్రము మరియొకటి కలదు. తూకములో సగము గాలిలో కలిసిపోయినను, చక్కెరను కాల్చిన వచ్చు వేడిలో నూటికి 95 పాళ్ళకు పైగా ఆ మిగిలిన ఆల్కహాలునందే నిలిచియుండును. అందువలననే అది ఇంధనమగుచున్నది.

ఇంత వేడిని విడిచిపెట్టి ఈస్టు తనకేమి మిగుల్చుకొనును? జీవకణములందు శక్తిని మార్చుకొనుటకు నాణెము వంటి పదార్థమొకటి కలదు. దానిని ఏటీపీ యందురు. 1929లో దానిని కనుగొన్నవారిలో భీమవరమున పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. అమెరికాలో ఫిస్కే గారితో కలిసి ఆయనయు, జర్మనీలో లోమాను గారును ఒకే యేట కనుగొనిరి. ఒక గ్లూకోజు అణువునకు గాలి లేనిచోట ఈస్టునకు దక్కునవి రెండే నాణెములు. గాలియుండి పూర్తిగా ఊపిరి తీసిన సుమారు ముప్పది దక్కును. రెంటితో తృప్తిపడి తక్కినది పారవేయు ఆ జీవి విడిచిన మలినమే మన మోటార్లు త్రాగు ఇంధనము. వ్యర్థమను మాట ఎవరి నోట వచ్చుచున్నదో చూచుకొనవలెనని నాకు మొదట తోచినది ఇచ్చటనే.

చెరకు మడ్డినుండియు, ధాన్యపు పిండినుండియు ఆల్కహాలు తీయుట పాత పనియే. పెట్రోలులో దానిని కలుపుటకు 1948లోనే మన దేశమున చట్టము వచ్చెను. 2025 నాటికి పెట్రోలులో నూటికి 20 పాళ్ళు కలుపుట దేశమంతట జరిగినది. చొప్పనుండి తీయుట మాత్రము వేరు కథ. ఈ భేదమునకు మన ఇంటిలోనే దృష్టాంతమున్నది. రాగిముద్దయు, రాగిగడ్డియు రెండును గ్లూకోజు పూసలతో గ్రుచ్చిన దండలే. ముద్దలోని పిండిపదార్థమునందు పూసకును పూసకును నడుమ ముడి ఒక తీరు. గడ్డిలోని సెల్యులోజునందు మరియొక తీరు. ఆ ఒక్క ముడి భేదముచే ముద్ద మనకు అన్నమైనది, గడ్డి మన కడుపున అరుగనిదైనది. ఆవు కడుపులోని మొదటి అరయందు గాలి లేకుండ బ్రదుకు కోటానుకోట్ల సూక్ష్మజీవులు ఆ రెండవ ముడిని విప్పగలవు. కనుక ఆవునకు గడ్డి అన్నము. కల్లుకుండలోని ఈస్టు ఈ విషయమున మనవంటిదే. చక్కెరను తినును గాని ఆ ముడి విప్పలేదు.

ముడి విప్పుటకు మనుష్యులు పడిన పాట్లు రెండువందల యేండ్లవి. 1819లో ఫ్రాన్సుదేశపు బ్రాకొన్నో పాత నారగుడ్డలను గంధకామ్లముతో కరగించి చక్కెర చేసెను. గుడ్డపేలిక మిఠాయియైనదని జనులు నవ్వియుందురు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున సోలమను దీవులలో అమెరికా సైనికుల గుడారములను, నూలుగుడ్డలను ఒక బూజు తినివేయుచుండెను. గుడ్డను కాపాడుట యెట్లని వెదకినవారు, ఆ బూజు సెల్యులోజు ముడిని విప్పు ఎంజైములను స్రవించుచున్నదని తెలిసికొనిరి. శత్రువుగా పట్టుబడిన ఆ బూజును ఇప్పుడు కర్మాగారములలో తొట్లలో పెట్టి పెంచుచున్నారు. దాని రసము సెల్యులోజును చక్కెరగా విప్పును. ఆ చక్కెరను ఈస్టు పులియబెట్టును.

అయినను పని ఇంకను తీరలేదు. చొప్పలో సెల్యులోజు ఒంటరిగా నుండదు. మన మట్టిమిద్దె గోడలో దబ్బలు నిలువుగా నుండి, వాని నడుమ నారయు, పైన గట్టి సున్నపు పూతయు ఉన్నట్లు తలంపుడు. దబ్బలు సెల్యులోజు, నార హెమిసెల్యులోజు, పూత లిగ్నిను. లిగ్నినులో చక్కెర లేదు. కొయ్యకు గట్టితనము దానివలననే. ఆ పూత పగులగొట్టుటకు చొప్పను తరిగి, పలుచని ఆమ్లముతో మిక్కుటమైన ఆవిరిపట్టవలెను. ఆవిరి ఎక్కువైనచో ఫర్ఫ్యూరలు వంటి విషములు పుట్టి ఈస్టునకే మోసము వచ్చును. హెమిసెల్యులోజు విడినప్పుడు వచ్చు జైలోజు అను చక్కెరను మామూలు ఈస్టు ముట్టదు. గత శతాబ్ది చివరి దశాబ్దమునుండి శాస్త్రజ్ఞులు జన్యువులు మార్చి దానికి ఆ రుచి నేర్పినారు.

ఇది వట్టి మాట కాదనుటకు పానిపట్టు సాక్ష్యము. అచ్చట ఇండియన్ ఆయిల్ సంస్థ తొమ్మిదివందల కోట్ల రూపాయలకు పైగా వెచ్చించి కట్టిన కర్మాగారమును 2022 ఆగస్టు 10వ తేదీన ప్రధానమంత్రి జాతికి అంకితము చేసిరి. ఏటికి రెండు లక్షల టన్నుల వరిగడ్డినుండి సుమారు మూడు కోట్ల లీటర్ల ఎథనాలు తీయుట దాని సంకల్పము. భాగించి చూచితిని: టన్నుకు 150 లీటర్లు. టన్ను గడ్డిలో 350 కిలోల సెల్యులోజున్నదనుకొని, అది పూర్తిగా విడి, పూర్తిగా పులిసినచో సుమారు 250 లీటర్లు రావలెను. మిగిలిన నూరు లీటర్లు ముడి విడక కొంత, ఈస్టు తన శరీరము పెంచుకొనుటకు కొంత, చేతులు మారుటలో కొంత పోవునని అర్థము. 2025 సెప్టెంబరులో అస్సాములోని నుమాలీగఢ్ వద్ద వెదురునుండి ఎథనాలు తీయు కర్మాగారము కూడ ప్రారంభమైనది. కావున మన ఊరికి వచ్చినవారు చెప్పిన విద్య నిజమైన విద్యయే. దానిని నేను శంకించుట లేదు.

నా శంక వేరు. పానిపట్టు ప్రాంతమున వరి కోసిన రెండు మూడు వారములలో గోధుమ చల్లవలెను. గడ్డి తీయుటకు వ్యవధి లేక చేలలోనే తగులబెట్టి, ఆ పొగచే ఢిల్లీ నగరము ఉక్కిరిబిక్కిరి యగుచుండెను. అచ్చటి గడ్డికి వేరొక దారి చూపుట పుణ్యకార్యము. మన కుందుర్పి సీమలో చేలో గడ్డి తగులబెట్టిన రైతును మీరెవరైన చూచితిరా? జిల్లాలో ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదియు నమ్మకము లేనిది. పీకిన కట్టెను పుల్ల విడువక బండికెత్తి, కళ్ళములో కాయ రాల్చి, ఇంటి వెనుక వామి వేసి, ముండ్లకంపతో దడి కట్టి, వేసవి దాక పశువులకు కొలిచి వేయుదుము. మన ఊరిలో ఒకని కలిమి తెలియవలెనన్న ఇల్లు చూడనక్కరలేదు, వామి చూడవలెను.

అందుచే వారు అడిగిన సరకులను ఒక్కొక్కటిగా పద్దు వేసితిని. వేసిన కొలది ఒక సంగతి బయటపడినది. వేరుసెనగ కట్టె, జొన్న చొప్ప మెత్తనివి, లిగ్నిను తక్కువ, విప్పుట సులభము. పొట్టులో లిగ్నిను మూడవవంతుకు దగ్గరగా నుండును, కందికట్టె కొయ్యయే. అనగా పశువు ఇష్టముగా తినునదే కర్మాగారమునకును ఇష్టము. పశువు మూతి త్రిప్పుకొనునది కర్మాగారమునకును కష్టము. ఆవు కడుపును, ఆ ఇనుప తొట్టియు ఒకే ముడిని విప్పవలసినవి గనుక ఇది సహజమే. కాగితములో ఐదు సరకుల పేర్లు వరుసగా నున్నవి గాని, నిజముగా వారి కన్ను మన వాములమీద నున్నది. పొట్టు సంగతి చూడుడు. కాయ తూకములో నూటికి 25 నుండి 30 పాళ్ళు పొట్టే. అది ఇప్పుడును మరల యొద్ద అమ్ముడుపోవుచునే యున్నది. బాయిలర్లలో, ఇటుకబట్టీలలో కాల్చుచున్నారు. తిన్నగా కాల్చిన వేడినిచ్చు వస్తువును ఆమ్లముతో ఉడికించి, ఎంజైములు పోసి, పులియబెట్టి, మరల మంటపెట్టి ఆవిరిగా వట్టుటలో లాభమెంతయో నా లెక్కకు అందలేదు.

ఈస్టుకును పశువునకును పొత్తు కుదిర్చిన ప్రయత్నమొకటి మన తెలుగునేలమీదనే జరిగినది. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ పరిశోధనా క్షేత్రమువారు తీపిజొన్నను ప్రోత్సహించిరి. కంకి మనుష్యునకు, దంటులోని తీపిరసము ఈస్టునకు, రసము పిండిన పిప్పి పశువునకు. రసములో చక్కెర సిద్ధముగా నుండును గాన ముడి విప్పు బాధ లేదు. వారి సహకారముతో రుస్ని డిస్టిల్లరీస్ వారు 2007లో అప్పటి మెదక్ జిల్లా సంగారెడ్డి ప్రాంతమున మొహమ్మద్ షాపూరు వద్ద ఈ రసమునుండి ఎథనాలు తీయ మొదలిడిరి. టన్ను దంటుకు సుమారు 40 లీటర్లు. కాని దంటు కోసిన తరువాత ఒక దినము దాటినచో చక్కెర తరుగును. దూరపు పొలముల దంటు బండ్లలోనే విలువ పోగొట్టుకొనెను. అందుకై ఇబ్రహీంబాదు గ్రామమున దంటును ఊరిలోనే ఆడి, రసమును పాకము కాచి పంపు ఏర్పాటు చేసిరి. ఆలోచన చక్కనిది. అయినను పంట కాలము కొన్ని నెలలే, యంత్రమునకు ఏడాదియంతయు మేత కావలెను. ఆ పని నిలదొక్కుకొనలేదు. ఒకటి మాత్రము గమనింపుడు. అందులో పశువు భాగము మొదటి రోజే వ్రాసిపెట్టిరి. మనకు వచ్చిన కాగితములో పశువు అను మాటయే లేదు.

నీటి మాటయు లేదు. తొట్టిలో పులిసిన ద్రవమున ఆల్కహాలు నూటికి ఐదు పాళ్ళున్నదనుకొనుడు. ఒక లీటరు ఇంధనము వట్టిన తరువాత 19 లీటర్ల మురికిద్రవము మిగులును. రోజునకు నూరు టన్నుల చొప్ప పట్టు కర్మాగారమున, టన్నుకు 150 లీటర్ల చొప్పున, ఇది 2,85,000 లీటర్లు. కొంత శుద్ధిచేసి మరల వాడవచ్చును, వాడుదురు కూడ. మొదట నీరెచ్చటిది? వేదవతిమీది భైరవానితిప్ప జలాశయము ఎన్నియేండ్లు నీటికై ఎదురుచూచినదో మీకు నేను చెప్పవలెనా?

ఇచ్చట నా సొంత పద్దొకటి చదువవలసియున్నది. చదువుటకు సిగ్గే. 2001లో పంట ఎత్తినప్పుడు ఒక బేరగాడు వచ్చి కట్టె కొందుననెను. ఆ సంవత్సరము నాకు చేబదుళ్ళుండెను. వామి మొత్తము అమ్మి, చిట్టాలో "వ్యర్థము అమ్మిన జమ" అని వ్రాసితిని. 2002లో వానలు పోయినవి. మేత వెల మూడింతలైనది. తరువాత డబ్బిచ్చినను దొరకలేదు. శ్రావణ మాసమున ఎద్దుల జతను సంతకు తోలితిని. వానిని కొన్నవాడు దున్నుటకు కొనలేదని నాకు తెలియును. ఇంటికి వచ్చి ఆ జమయు వ్రాసితిని. మా తండ్రిగారు అప్పటికి చూపు మందగించినవారు. చిట్టా తెమ్మని అడిగి, కంటికి దగ్గరగా పట్టుకొని వెనుకటి పుటలు త్రిప్పి, వ్యర్థము అను మాటను కొట్టివేసి, దానిపై మేత అని వ్రాసి, నాతో ఏమియు అనక పుస్తకము మూసిరి. ఆ చిట్టా మా ఇంటనున్నది.

ఇంతమాత్రమున ఒప్పందము చించివేయుడని నేను చెప్పను. ఎండిపోవు సీమకు నాలుగు డబ్బులు తెచ్చు మార్గమును త్రోసిపుచ్చు అధికారము నాకు లేదు. మరియు శాస్త్రము చదువగా మన పక్షమున ఒక వాదము దొరికినది. ఆల్కహాలులో ఉన్నవి మూడే మూలకములు: కర్బనము, ఉదజని, ప్రాణవాయువు. మొక్క వీనిని గాలినుండియు వాన నీటినుండియు తెచ్చుకొన్నది. మన భూమినుండి తీసికొన్న పొటాషు, భాస్వరము, సున్నము, నత్రజని ఇంధనములో ఒక్క కాసంతయు పోవు. అవియన్నియు కర్మాగారపు మడ్డిలోనే మిగులును. వేరుసెనగను మనము వేరుతో పెరికివేయుదుము, జొన్నవలె మొదలు కూడ చేలో నిలువదు. ఇప్పుడు ఆ కట్టె పశువు కడుపుగుండ పేడయై చేనికి తిరిగి వచ్చుచున్నది. కర్మాగారమునకు పోయినచో ఆ సారము తిరిగి రావలెనని అడుగుట మన హక్కు. అది వారికి నష్టమైన పని కూడ కాదు.

అందుచే నేను నాలుగు షరతులు వ్రాసితిని. వేరుసెనగ కట్టెయు, జొన్న, సజ్జ చొప్పలును ఒప్పందమునుండి తీసివేయవలెను. పొట్టు, కందికట్టె ఇష్టమున్నవారు ఇయ్యవచ్చును. వట్టగా మిగిలిన మడ్డిని శుద్ధిచేసి, ఎవరి చేనినుండి ఎంత సరకు పోయెనో ఆ ప్రమాణమున, వారి ఖర్చుమీద తిరిగి ఇయ్యవలెను. కరవు ప్రకటించిన యేట సరకు ఇయ్యలేదని రైతుమీద తప్పు వేయరాదు. ఇప్పటి కాగితములో పదునొకండవ షరతు ప్రకారము తప్పు వేయవచ్చును. నీరు ఎచ్చటినుండి తెచ్చెదరో ముందుగా వ్రాసి ఇయ్యవలెను.

వారి మూలప్రతి ఇంగ్లీషున నున్నది. మన ఉన్నత పాఠశాలలో చదివిన ఇద్దరు పిల్లలు నాకు సాయపడగా దానిని తెలుగు చేసి, ప్రక్కన నా షరతులు ఎఱ్ఱసిరాతో వ్రాసి, ఆ పొట్టికాలి బల్లమీద ఉంచితిని. ఇంతవరకు పదునేడుగురు సంతకములు చేసితిరి, ఆరుగురు వేలిముద్రలు వేసితిరి. చదువరాని వారికి సాయంకాలము ఆరు గంటలనుండి నేను చదివి వినిపింతును. వారు మరల వచ్చెదమన్న రోజు వచ్చే సోమవారము.